సర్వర్ ఎందుకు ఆగింది?

సాక్షిని తీసుకెళ్తున్న పోలీసు వ్యాన్ వంతెన ఎక్కుతూనే పేలిపోయింది. ఏ దారిన పోవాలో డ్రైవరుకి కూడా బయలుదేరే క్షణంలోనే చెప్పారు. అయినా బాంబు మాత్రం వ్యాన్ కంటే ముందే వచ్చి అక్కడ కూర్చుంది.

"మనతో పాటే వాళ్లకీ తెలిసిపోయింది," అన్నాడు చీఫ్, ఫొటోలు బల్ల మీద పడేస్తూ. "సాలెగూడు. విదేశీ ముఠా. వాళ్ల గుట్టు కోర్టులో విప్పబోయిన మొదటి సాక్షి పోయాడు. రెండోవాణ్ణి శుక్రవారం తీసుకెళ్తున్నాం."

ఏజెంట్ డేగ కుర్చీ అంచుకి జరిగాడు. చేతులు దురద పెడుతున్నాయి. "ఎవర్ని పట్టుకోవాలి సార్?"

"ముందు కూర్చోవాలి. రూట్ ఫైలు తయారయ్యేది ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ ఆఫీసులో, ఉండేది వాళ్ల ఫైల్ సర్వర్‌లో. దొంగ అక్కడే ఉన్నాడు. నువ్వు కంప్యూటర్లు బాగుచేసేవాడిగా చేరి, ఎవరేం లాగుతున్నారో చూస్తూ కూర్చో."

"సార్, నేను పారాచూట్ ఏజెంట్ని!"

"ఈసారి పారాచూట్ అక్కర్లేదు." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. శుక్రవారం ఆ వ్యాన్ నడిపేది మీ చెల్లెలు."

డేగ కుర్చీలోంచి లేచాడు. ఆమెకి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది తనే. పోలీసు శాఖలో అంతటి డ్రైవరు ఇంకొకరు లేరని వీధి వీధంతా చెప్పుకున్నదీ తనే. ఇప్పుడెందుకు నేర్పానురా దేవుడా అనిపించింది.

"దానికి చెప్పొచ్చా?"

"చెప్పకూడదు. డ్రైవరుని మార్చినా, ఫైలు వేరేగా పంపినా దొంగ తెలివి తెచ్చుకుని ఇంకో చోట దూరతాడు. వాణ్ణి పట్టుకోవడమే దారి."

ఆయుధాల విభాగం వాడు పిస్తోలు ఇవ్వలేదు. మత్తు చల్లే పెన్ను ఒకటి ఇచ్చి, ఒక్కసారే పనిచేస్తుంది, జాగ్రత్త అన్నాడు.

సర్వర్ గది అంటే కిటికీ లేని పెట్టె. ఏసీ గాలి నేరుగా మెడ మీద కొడుతుంది. కుర్చీకి ఒక చెయ్యి లేదు. ఎదురుగా నల్ల తెర. ఎన్‌ఎఫ్‌ఎస్ స్టాట్ అని కమాండ్ కొడితే అంకెలు వస్తాయి. ఫైళ్లు ఎన్నిసార్లు చదివారో, ఎన్నిసార్లు రాశారో, ఎన్నిసార్లు ఫైలు గురించి ఊరికే వాకబు చేశారో అన్నీ వరసగా ఉంటాయి. మళ్లీ కొడితే మళ్లీ అంకెలు, అవే కాస్త పెరిగి. విమానం రెక్క మీద నిలబడి తన్నుకున్న మనిషి, రోజంతా అదే కమాండ్ కొడుతూ ఆవలించాడు. ఛీ, ఏం బతుకు!

దానికి తోడు ఆ ఆఫీసు జనం. సర్వర్ ఈ మధ్య నత్తలా నడుస్తోంది. మరో ఆఫీసులో అయితే ఫోన్ చేసి చెప్తారు. ఇక్కడ ఆ అలవాటే లేదు. ఫైలు తెరుచుకోవడం కాస్త ఆలస్యమైతే చాలు, అందరూ సీట్లలోంచి లేచి మూకుమ్మడిగా సర్వర్ గది మీదికి వచ్చేస్తారు.

"ఏమయ్యా కంప్యూటరూ, జీతం తీసుకోవట్లా?" అని ముందు నిలబడి అరిచేది అకౌంటెంట్. చేతిలో ఎప్పుడూ గొడుగు, ఎండా వానా లేకుండా.

"చూస్తున్నా సార్."

"చూడ్డానికి అదేమన్నా సినిమానా? బాగుచెయ్!"

డేగ పళ్లు కొరుక్కున్నాడు. ఈ మెడని ఎటు తిప్పితే విరుగుతుందో అతనికి బాగా తెలుసు. అయినా "సారీ సార్" అన్నాడు. రోజుకి ఎన్నిసార్లు అన్నాడో ఆ దేవుడికే తెలియాలి.

బుధవారం నెమలి సర్వర్ గదికి వచ్చింది. సాలెగూడులో చేరి మనకి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. ఆడిటర్ వేషం, పచ్చ రాళ్ల చెవిపోగులు, నడిచి వెళ్లాక కూడా వరండాలో నిలిచిపోయే సెంటు. ఆఫీసు వాళ్లు ఆమెకి కిందటి వారమే విజిటర్స్ గది ఇచ్చారు.

"మీ గోడ గడియారం ఆగిపోయినట్టుందే?" అంది తలుపు దగ్గర నిలబడి.

"కీ ఇచ్చేవాడు పెళ్లికెళ్లాడు," అన్నాడు డేగ. కోడ్ సరిపోయింది.

ఆమె తెర మీదికి వంగింది. "ఇంత ఆలోచన దేనికి? దొంగిలించాలంటే చదవాలి కదా. అందరికంటే ఎక్కువ చదివేవాడే దొంగ."

ఎంత తేలిక! డేగ సర్వర్ దగ్గరే కూర్చుని, ఆఫీసులోని ఒక్కో కంప్యూటర్‌లోకి దూరి అదే కమాండ్ కొట్టాడు. అన్నిటికంటే ఎక్కువ రీడ్స్ అకౌంటెంట్ మెషిన్ మీద ఉన్నాయి. ఆ లెక్కకి దగ్గర్లో ఇంకెవరూ లేరు. గురువారం మధ్యాహ్నం అతను తలుపేసుకుని ఉండగా డేగ ఒక్క తన్నుతో లోపలికి దూకి, అతను తిరిగి చూసేలోపే పెన్ను నొక్కాడు. అకౌంటెంట్ కళ్లు తేలేసి బల్ల మీద వాలిపోయాడు. తెర మీద ఇద్దరు కమెడియన్లు అరటితొక్క మీద జారి పడుతున్నారు. సర్వర్ నిండా పాత హాస్య సినిమాలే దాచుకున్నాడు మహానుభావుడు.

"నీ తలకాయ!" అన్నాడు చీఫ్ ఫోన్లో. "పెన్ను కూడా అయిపోయిందా?"

అయిపోయింది. పైగా లేచాక అకౌంటెంట్, ఇంత హాయిగా ఎన్నడూ నిద్రపోలేదంటూ అందరికీ చెప్పుకున్నాడు.

శుక్రవారం వచ్చేసింది. రూట్ ఆఫీసరమ్మ ఫైలుకి తుది మెరుగులు దిద్దుతోంది. ఆమె సేవ్ చేయగానే వ్యాన్ కదులుతుంది. చెల్లెలు ఇప్పటికే టైర్లు తన్ని చూసుకుంటూ ఉంటుంది. అద్దం సర్దుకుంటుంది. చిన్నప్పుడు క్లచ్ వదిలేసి కంచెలోకి దూకించి, బండిదే తప్పని వాదించిన పిల్ల.

కోపం పట్టలేక కీబోర్డు మీద గుద్దాడు. అంకెలు మళ్లీ పైకి పాకాయి. ఈసారి అతని కళ్లు ఎప్పుడూ పట్టించుకోని వరస మీద పడ్డాయి. చదవడం కొంచెం, రాయడం కొంచెం. వాకబు మాత్రం కొండంత ఉంది. ఫైలు మారిందా, మారిందా, మారిందా అని ఎవరో సర్వర్ ప్రాణం తోడేస్తున్నారు. సర్వర్ నత్తలా నడిచేది అందుకే!

మళ్లీ ఒక్కో మెషిన్‌లోకి దూరాడు. ఒక్కటి మాత్రం ఏదీ చదవలేదు, ఏదీ రాయలేదు. గుమ్మంలో నిలబడి అడుగుతూనే ఉంది. ఫైలు సిద్ధమైన క్షణంలో ఎత్తుకుపోవడానికి ఒక ప్రోగ్రాం కాచుకుని ఉంది. ఆ కంప్యూటర్ ఉన్నది విజిటర్స్ గదిలో. కిందటిసారి వేరే గది, వేరే వేషం అయ్యుంటుంది.

డేగ చెయ్యి ఫోన్ మీదికి వెళ్లింది.

"వద్దు," అంది సెంటు వాసన.

తలుపుకి వీపు ఆనించి నెమలి నిలబడి ఉంది. చేతిలో సెంటు బుడ్డంత పిస్తోలు. "చేతులు పైకి. కీబోర్డు ముట్టుకున్నావో, అయిపోయినట్టే."

"ఎక్కువ చదివేవాడే దొంగ అన్నావు."

"నువ్వు నమ్మావు," అని నవ్వింది. "ఆవిడ సేవ్ చేసేదాకా బుద్ధిగా కూర్చో. కాసేపే."

"ఆ వ్యాన్లో నా చెల్లెలుంది."

నెమలి నవ్వు ఒక్క క్షణం ఆగింది. పిస్తోలు మాత్రం కదల్లేదు. "అయితే నీ ఖర్మ," అంది.

డేగ చేతులు పైకెత్తాడు. ఒళ్లంతా మండిపోతోంది. పెన్ను ఖాళీ. పిస్తోలు లేదు. ఉన్నవల్లా రెండు కాళ్లు. బల్ల కింద, మోకాలి పక్కనే నెట్‌వర్క్ బాక్సు ప్లగ్గు ఉంది. అతను చెప్పు విడిచి, బొటనవేలితో వైరు లాగేశాడు.

తెర మీద అంకెలు నిలిచిపోయాయి. ఆఫీసంతా ఒక్కసారి నిశ్శబ్దం. ఆ తర్వాత కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు.

"ఏంటది?" అంది నెమలి.

"జనం," అన్నాడు డేగ. జీవితంలో మొదటిసారి ఆ అడుగుల చప్పుడు వినసొంపుగా ఉంది.

తలుపు భళ్లున తెరుచుకుంది. నెమలి పిస్తోలుని హ్యాండ్‌బ్యాగులోకి తోసేసింది. గుమ్మం నిండా మనుషులు, ముందు గొడుగుతో అకౌంటెంట్, వెనక రూట్ ఆఫీసరమ్మ.

"నా ఫైలు సేవ్ కాకుండా ఆగిపోయింది! వ్యాన్ అక్కడ ఎదురుచూస్తోంది!"

"ఏమయ్యా కంప్యూటరూ, ఎవడాపాడు సర్వరు?"

డేగ వినయంగా చూపించాడు. "ఆడిటర్ మేడమ్ ఆపమన్నారండి."

అంతే. ఆడిటర్ అనే మాట చాలదా! అందరూ ఆమె మీదికి విరుచుకుపడ్డారు. నెమలి తోసుకుని బయటికి పోబోయింది. "సమాధానం చెప్పి కదలమ్మా!" అంటూ అకౌంటెంట్ గొడుగు అడ్డం పెట్టాడు. బ్యాగు జారి నేల మీద పడింది. పిస్తోలు బయటికి దొర్లింది.

అందరూ వెనక్కి జరిగారు. నెమలి వంగేలోపు డేగ ఆమె చెయ్యి వెనక్కి విరిచి, పిస్తోలుని అవతలికి తన్నాడు. అకౌంటెంట్ దాని మీద గొడుగు మొన ఆనించి నిలబడ్డాడు.

"మీరు కంప్యూటర్ కుర్రాడేనా?" అన్నాడు నోరు వెళ్లబెట్టి.

"ఈ పూటకి అవునండి." ఒక చేత్తో ఆమెని పట్టుకుని, రెండో చేత్తో కమాండ్ కొట్టి విజిటర్స్ గది కంప్యూటర్‌కి సర్వర్ తలుపు మూసేశాడు. అప్పుడు ప్లగ్గు పెట్టాడు. అంకెలు కదిలాయి. రూట్ ఆఫీసరమ్మ పరుగున వెళ్లి ఫైలు సేవ్ చేసింది. అడిగేవాళ్లు పోయారు కనుక రెప్పపాటులో సేవ్ అయింది.

సాయంత్రం సాక్షి కోర్టులో నోరు విప్పాడు. కాసేపటికి డేగ ఫోన్ మోగింది.

"అన్నయ్యా, ఏం చెప్పమంటావు! ఇవాళ సాక్షిని కోర్టుకి చేర్చడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. రూట్ ఫైలు లేటు. అక్కడ ఎవడో పనికిమాలినవాడు సర్వర్ ఆపేశాడంట. నువ్వూ ఇప్పుడు కంప్యూటర్లే బాగుచేస్తున్నానన్నావుగా, అసలు అలా ఎవడైనా ఆపుతాడా?"

డేగ గోడకి ఆనుకున్నాడు. ఆ తిట్టే గొంతు ఇంకాసేపు వినాలనిపించింది.

"పనికిమాలినవాడేనే," అన్నాడు. "ఇంకా తిట్టు."