తడవని ఫ్లైలు

మొదటి ఆదివారం, మొదటి విసురుకే, వాచ్ మెకానిక్ గాలానికి చేప బదులు టీచర్ టోపీ తగిలింది. తగిలింది తగిలినట్టు ఊరుకోకుండా ఎగిరి వెళ్లి ఏట్లో పడింది.

"అలా చూస్తారేం, లాగండి," అంది టీచర్, చెదిరిన జుట్టు సర్దుకుంటూ. "మొదటి క్లాసులోనే ఏదో ఒకటి పట్టారు."

ఒడ్డున నిలబడ్డ మిగతా విద్యార్థులు అయిదుగురూ నవ్వారు. మెకానిక్ చెవులు ఎర్రబడ్డాయి.

"సారీ అండి. మీరు చెప్పినట్టే పదికీ ఒంటిగంటకీ మధ్యే ఊపాను."

"లేదు. మీరు మూడింటి దాకా వెళ్లారు."

ఫ్లై ఫిషింగ్‌లో గాలపు కర్రని పెద్ద గడియారంలో ముల్లులా ఊహించుకోవాలి. వెనక్కి ఊపితే ఒంటిగంట దగ్గర ఆపాలి, ముందుకి విసిరితే పదింటి దగ్గర ఆపాలి. పొద్దస్తమానం గడియారాలు బాగుచేసేవాడికి ఇది మంచినీళ్ల ప్రాయం కావాలి. కానీ అతనికి అడుగడుగునా సందేహాలే.

"గంటల ముల్లులాగానా, నిమిషాల ముల్లులాగానా అండీ?"

టీచర్ అతన్ని ఎగాదిగా చూసింది. ఆమెది ఇంచుమించు అతని వయసే. వాళ్ల నాన్నకి వంతెన పక్కన గాలాల షాపు ఉంది. ఊళ్లో అందరూ ఆయన్ని మాస్టారంటారు. ఆయన మోకాళ్లు నీళ్లలో నిలబడనివ్వక క్లాసులు కూతురికి అప్పగించాడు.

మెకానిక్ ఇక్కడికి కోరి వచ్చినవాడు కాదు. "రోజంతా కంటికి భూతద్దం పెట్టుకుని వంగి కూర్చుంటే గూని వస్తుందిరా. కాస్త తలెత్తి లోకాన్ని చూడు," అని వాళ్లక్క ఆరు ఆదివారాల క్లాసుకి పేరు ఇచ్చేసి వచ్చింది. తలెత్తి చూస్తే టీచర్ కనబడింది. ఆ తర్వాత లోకం సంగతి అతనికి అంతగా గుర్తులేదు.

క్లాసు అయ్యాక టీచర్ ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఫ్లై పెట్టింది. చిన్న కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి కట్టిన పురుగు బొమ్మ అది. నీళ్ల మీద తేలుతుంటే చేప నిజం పురుగనుకుని నోరు తెరుస్తుంది. అన్నీ ఆమె స్వయంగా కట్టినవే.

మెకానిక్ ఇంటికెళ్లి దాన్ని భూతద్దం కింద పెట్టాడు. గోరంత కూడా లేని ఒంటి మీద పదకొండు చుట్ల దారం, ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ వెంట్రుకవాసి తేడా లేదు. చిన్న పనిలో ఎంత కష్టముంటుందో అతనికి తెలుసు. అక్కడికక్కడే మనసు పారేసుకున్నాడు. ఇలాంటి దాన్ని తీసుకెళ్లి చెట్లకీ బండలకీ తగిలించేంత మూర్ఖుడు కాడు తను. అపురూపమైన వాచీల సామాన్లు దాచుకునే పెట్టెలో దూది పరిచి, ఫ్లైని అందులో పడుకోబెట్టాడు.

రెండో ఆదివారం టీచర్ తనే దగ్గరికొచ్చింది. "నేనిచ్చిన ఫ్లై ఎలా ఉంది?"

"భద్రంగా ఉందండి."

"భద్రంగానా?"

"చాలా భద్రంగా," అన్నాడు గర్వంగా.

"ఓహో," అంది టీచర్. అతని గాలానికి ఉన్న ఫ్యాక్టరీ ఫ్లై వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

తను ఏం తప్పు మాట్లాడాడో అతనికి బోధపడలేదు. ఆ రోజూ, మూడో వారమూ, నాలుగో వారమూ అందరితోపాటు అతనికీ ఫ్లై ఇచ్చింది. ఒక్కోటీ ముందుదానికంటే ముచ్చటగా ఉంది. ఆమె ముఖం మాత్రం వారం వారానికీ ముడుచుకుపోతోంది. మిగతావాళ్లతో జోకులేసే మనిషి, ఇతని దగ్గరికి రాగానే "మోచెయ్యి దించండి" అని నడిచి వెళ్లిపోయేది. నచ్చకపోతే ఫ్లై ఎందుకివ్వడం? నచ్చితే ఆ ముఖమేమిటి?

అయిదో ఆదివారం వరసగా ఇస్తూ వచ్చింది. అతని దగ్గరికొచ్చేసరికి చేతులు జేబుల్లో పెట్టుకుంది.

"అయిపోయాయా అండీ?"

"ఆ. అయిపోయాయి," అంది. వెనకాల నిలబడ్డ పోస్టాఫీసు గుమాస్తాకి మాత్రం ఒకటిచ్చింది.

"ఆ అమ్మాయికి నువ్వంటే కోపంరా," అంది అక్క.

"అది నాకూ తెలిసింది. ఎందుకని?"

"నన్నడిగితే ఏం లాభం? టోపీ ఇంకా మనసులో పెట్టుకుందేమో. కొత్తది కొనివ్వు."

ఇంకొక్క ఆదివారమే మిగిలింది. అది దాటితే ఆమెని కలవడానికి వంకంటూ ఉండదు. బుధవారం మధ్యాహ్నం వాచీల షాపుకి తాళమేసి, పెట్టె పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్లాడు. ఆమె లోపల ఉందేమోనని గుమ్మంలోంచే తొంగిచూశాడు. లేదు.

"ఇవి అమ్మాయిగారు కట్టినవి. వీటిల్లో ఏదైనా లోపముందా మాస్టారూ? తర్వాత నాకివ్వడం మానేశారు."

మాస్టారు పెట్టె తెరిచి, దూది మీద పడుకున్న నాలుగు ఫ్లైల్నీ చూశాడు. కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"ఇవి నీళ్లు చూడలేదా?"

"అయ్యో, లేదండి. పాడైపోవూ?"

"బాబూ," అని ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "మా పనిలో ఒకరు కట్టిన ఫ్లై ఇంకొకరికిస్తే, వాళ్లు దాన్ని నీళ్లలో వెయ్యాలి. పోతే పోయిందని వచ్చి చెప్పాలి. తడపకుండా ఉంచడమంటే నీ పని నాకు నచ్చలేదని మొహం మీద చెప్పడమే."

మెకానిక్ గబుక్కున పెట్టె మూసేశాడు.

"మా అమ్మాయి నాతో, 'వాచీలు బాగుచేసేవాడు నాన్నా, చిన్న పని విలువ తెలిసినవాడు, ఆయనే వాడట్లేదంటే నాకీ పని రానట్టేగా' అంది. నిన్నటి నుంచి దారం ముట్టుకోలేదు. తను కట్టినవి షాపులో పెట్టొద్దని తీయించేసింది."

"నేను... నేను ఇష్టంతో దాచాను మాస్టారూ."

"దేని మీద ఇష్టంతో?" అని మాస్టారు ఏమీ ఎరగనట్టు అడిగాడు. మెకానిక్ పెట్టె తీసుకుని బయటపడ్డాడు.

ఆరో ఆదివారం అందరికంటే ముందు వచ్చి నీళ్లలో దిగాడు. మొదటి ఫ్లైని గాలానికి కట్టి విసిరాడు. వెనక చెట్టుకి చిక్కుకుని తెగిపోయింది. రెండోది బండ సందులో పోయింది. మూడోదాన్ని నిజంగానే ఒక చేప మింగి, దారం తెంపుకుని చక్కా పోయింది. ఒక్కోటి పోతుంటే ఒక్కో పన్ను పీకినట్టు విలవిల్లాడాడు.

టీచర్ ఎప్పుడొచ్చిందో, మోకాలిలోతు నీళ్లలో పక్కనే నిలబడి ఉంది. కళ్లనిండా నీళ్లు.

"ఇంతగా నచ్చకపోతే తిరిగి ఇచ్చెయ్యొచ్చుగా. ఇన్నాళ్లూ ముట్టుకోకుండా, ఇవాళ ఒకదాని వెనక ఒకటి ఇలా పారెయ్యాలా?"

అతనికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "దాచినా తప్పే, వాడినా తప్పే. నేనేం చెయ్యాలో మీరే చెప్పండి."

"దాచారా?"

"దూదిలో పెట్టి దాచాను. రోజూ భూతద్దం కింద చూసుకున్నాను. మీ చేతి దారం ఒక్క చుట్టు కూడా పోగొట్టుకోవాలని లేదు నాకు. మాస్టారు చెప్తేగానీ మిమ్మల్ని అవమానిస్తున్నానని తెలియలేదు." ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాడు. "మీ పని నచ్చింది. మీరు ఇంకా ఎక్కువ నచ్చారు. మీరంటే ఇష్టమండీ నాకు."

వాన సన్నగా మొదలైంది. ఆమె అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

"ఆ ముక్క రెండో వారమే చెప్పొచ్చుగా. భద్రంగా ఉందంటే ఎవరికి అర్థమవుతుంది?"

"మీరైనా అడగొచ్చుగా."

"అడిగానుగా."

"అవును, అడిగారు," అని ఒప్పేసుకున్నాడు.

ఆమె నవ్వింది. మొదటి ఆదివారం తర్వాత అతని ముందు నవ్వడం అదే మొదటిసారి. అతని వెనక్కొచ్చి మోచెయ్యి పట్టుకుని, కర్రని ఒంటిగంట దగ్గర ఆపించి, పదింటి దగ్గర ఆపించింది. నాలుగో ఫ్లై నీళ్ల మీద మెత్తగా వాలింది. దాన్ని ఏ చేపా ముట్టలేదు. ఇద్దరిలో ఎవరికీ ఆ బాధ లేదు.

ఒడ్డున విద్యార్థులు ఒక్కొక్కరే వస్తున్నారు. ఆమె చెయ్యి తీసేసింది.

"వచ్చే ఆదివారం క్లాసు లేదు," అంది.

"తెలుసండి. ఇవాళ్టితో ఆఖరు."

"పొద్దున ఆరింటికి ఇక్కడికే రండి."

"క్లాసు లేదన్నారుగా?"

"లేదు కాబట్టే రమ్మంటున్నాను," అని ఆమె విద్యార్థుల వైపు నడిచింది.

మెకానిక్ వానలో అలాగే నిలబడ్డాడు. ఆ మాట అర్థం కావడానికి అతనికి కాస్త టైం పట్టింది. కానీ ఈసారి అక్కని గానీ మాస్టారిని గానీ అడగకుండా తనంతట తనే అర్థం చేసుకున్నాడు.