ఒంటి మీద గుర్తు

రెండో వేవ్ అప్పుడు సూరత్‌లో ఒక కోవిడ్ వార్డు నుంచి మా అమ్మను ఇంటికి తెచ్చుకున్నాను. గేటు దగ్గర, నిలువెల్లా తెల్ల ప్లాస్టిక్ సూటు వేసుకున్న మనిషి "లింగవ్వ కా బేటా కౌన్?" అని అరిచి, చక్రాల కుర్చీని నావైపు తోశాడు. మాస్కు వెనక ముఖం. చిక్కి సగమైన ఒళ్లు.

"రఘూ, తిన్నవా బిడ్డా?" అంది కుర్చీలోంచి.

నాకు ఏడుపొచ్చింది. మతిమరుపు జబ్బొచ్చాక అమ్మ నన్ను పోల్చుకోవడం మానేసింది. నేను పనిచేసే మగ్గాల యజమాని అనుకుని "సేటూ, జర ఇంటికి పోనియ్యి" అని బతిమాలేది. నేను విసుక్కుని అవతలికి పోయేవాణ్ణి. స్నానం, అన్నం అంతా నా భార్య జమున చూసేది. అమ్మను వార్డులో చేర్చాక జమున పిల్లలతో జగిత్యాల వెళ్లిపోయింది.

లింబాయత్‌లో మా గదికి చేరేసరికి పొద్దుగూకుతోంది. మగ్గాలు బందయ్యాయి. గల్లీలో ఎవరిదో దగ్గు తప్ప చప్పుడు లేదు. ఆమెను మంచం మీద కూర్చోబెట్టి మాస్కు తీశాను. ఫినాయిల్ వాసన గుప్పుమంది. బుగ్గలు లోపలికి పోయాయి, జుట్టు కత్తిరించేశారు. జ్వరం మనిషిని ఇంత మారుస్తుందా అనుకున్నాను. మారుస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని జావ కలిపిచ్చాను. చక్కగా తాగింది.

అప్పుడు ఫోన్ మోగింది. ఆసుపత్రి.

"లింగవ్వ కొడుకేనా? మీ అమ్మ మధ్యాహ్నం పోయింది. రండి," అన్నాడు హిందీలో.

"అమ్మ ఇక్కడే ఉంది..."

"పేర్లు తారుమారయ్యాయేమో. ఒంటి మీద గుర్తేదైనా చెప్పండి. చూస్తాను."

గుర్తు...

పుట్టుమచ్చ ఉందా? పచ్చబొట్టు ఉందా? ఏ చేతికి? నాకు తెలియదు. అవతల అతను ఎదురుచూస్తున్నాడు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. కన్నతల్లి ఒంటి గుర్తు జమునకు ఫోన్ చేసి అడగాలా?

నా వెనక గుసగుస.

"ఎడమ మోచేతి కింద... మచ్చ. నీకు సద్ది తెచ్చిననాడు, నీ మగ్గంల అటిటు ఉరికే నాడె ఎగిరొచ్చి తాకింది."

ఆ రోజు నాకు గుర్తే లేదు. ఆమె చెప్పిందే ఫోన్‌లో చెప్పాను. అవతల శవం సంచి జిప్పు లాగిన చప్పుడు.

"ఉంది. మీ అమ్మే. రండి."

నేను తిరగలేదు. తిరగకుండా ఎంతసేపని ఉంటాను... తిరిగాను.

ఆమె ఎడమ చేయి నావైపు చాపి ఉంచింది. లైటు వెలుగులో మోచేతి కింద నున్నగా ఉంది. మచ్చ లేదు.

"దాన్ని ఆడనే ఇడిసిపెట్టి వచ్చిన బిడ్డా," అంది మెల్లగా. "ఎట్లయినా నువ్వు సూడవు గద."