ఆదోని నీళ్లకు పట్టని రంగు

"అమావాస్యనాడు మీ మగ్గాల మీద దయ్యాలు నేస్తాయా అప్పా?"

వెనక వరసలోంచి వచ్చిన ఆ ప్రశ్నకు హాలంతా ఘొల్లుమంది.

ఆదోనిలో, సొంత పరిశ్రమ పెట్టాలనుకునే యువతకు ట్రైనింగ్ జరుగుతోంది. అది 1978. బోర్డు దగ్గర నిలబడి తన ప్లాను చెబుతున్న ఆదెప్ప చెవులదాకా ఎర్రబడ్డాడు. పుట్టింది నేత కుటుంబంలోనే గానీ, వాళ్ల నాన్న ఎప్పుడో మగ్గం వదిలి పత్తి మిల్లులో చేరాడు. ఆదెప్పకు తెలిసిన సెలవు ఆదివారమే. అందుకే తన తువ్వాళ్ల యూనిట్ ప్లానులో, నేతగాళ్లు మగ్గం ముట్టని అమావాస్యలన్నీ పనిదినాలుగా వేసేశాడు.

అడిగింది ఎమ్మిగనూరు నేతగాడు బసవన్న కూతురు మహాదేవమ్మ. నూలుకు రంగు వేసే షెడ్డు పెట్టాలని వచ్చింది.

క్లాసు అయ్యాక ఆదెప్ప ఎదురొచ్చాడు. "నవ్వితే నవ్వినావులే. అమావాస్యకి మగ్గం గుంతలోకి ఎందుకు దిగరో సెప్పు."

"అది మా అవ్వని అడుగు. ఆ పొద్దు నేసేవాడు దొరకడు. నీ ప్లానుకి అది చాలు కదా."

ఆదెప్ప అక్కడే పడిపోయాడు. పడినవాడు మళ్లీ లేవలేదు పాపం.

ట్రైనింగ్ అయిపోయింది. చాలామంది సర్టిఫికెట్లు ట్రంకు పెట్టెల్లో పెట్టి ఉద్యోగాలకు పోయారు. వీళ్లిద్దరికి మాత్రం అది ఒంటికి పట్టింది. ముందు కొంచెం చేసి చూడు, తర్వాతే డబ్బు పెట్టు అని అక్కడి మాస్టారు చెప్పిన పాపానికి, ఆదెప్ప చెప్పులు కొనాలన్నా వేసుకుని అంగడి చుట్టూ నడిచి చూసేవాడు.

ఎమ్మిగనూరులో ఆమె షెడ్డు నిలబడింది. ఆదోనిలో ఇతని మగ్గాలు ఆడాయి. నూలు మాత్రం ఆమె దగ్గరే కొనేవాడు.

"నూలు బస్సులో ఏసి పంపుతా కదా, నువ్వెందుకు వస్తాండావు?"

"రంగు చూసుకుందామని."

"అయితే నూలు కల్లా చూడు. నన్ను చూస్తే ఏం తెలుస్తాది?"

ఇలా ఏళ్లు గడిచాయి. ఒకరోజు వాన మొదలైంది. ఆరేసిన నూలు ఇద్దరూ కలిసి లోపలికి లాగారు. తడిసి ముద్దయిన ఆదెప్ప ఇక ఆగలేకపోయాడు.

"నిన్ను పెండ్లి చేసుకోవాలని ఉంది మాదేవీ."

ఆమె గుండె ఎగిరింది. మాట మాత్రం నెమ్మదిగానే వచ్చింది. "నాకూ ఉంది. ఆదోనికి వస్తే నా షెడ్డు ఏం గావాల? మీ ఊర్లో ఉప్పునీళ్లంట, రంగు పట్టదంట. ఇది మూసుకొని నేను రాలేను."

ఆదెప్ప వానలోనే వెళ్లిపోయాడు. ఆ తర్వాత వారాల తరబడి రాలేదు. ఆమెకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఎర్రరంగు తొట్టిలో నీలం నూలు పడింది.

అప్పుడొచ్చాడు, తల్లి వెంకటేశ్వరమ్మను వెంటబెట్టుకుని, పెళ్లిచూపులకు.

పళ్లూ తమలపాకులూ పెట్టాల్సిన చోట సంచి విప్పి, రంగు వేసిన నూలు చిలపలు చుట్టలు చుట్టలుగా పరిచాడు. ఒకటి వెలిసినట్టుంది, ఒకటి మచ్చలు మచ్చలుగా ఉంది.

బసవన్న మొహం ముడిచాడు. "ఏందప్పా ఇది? మంచి పొద్దున పాడైన నూలా?"

"మా ఊర్లో దొరికిన బావినీళ్లన్నిట్లో నేనే రంగు ఏసి చూసినా మామా. యాడా పట్టలేదు. మాదేవి సెప్పింది నిజమే. అందుకని నా మగ్గాలే ఈడికి తెస్తాండా."

"అంటే ఇల్లరికమా?"

"కాదు మామా. బాడుగిల్లు చూసుకున్నా. మా అమ్మా వస్తాది."

వెంకటేశ్వరమ్మ నవ్వింది. "ఆ ట్రైనింగుకి పోయినప్పట్నుంచి ఇంతేనన్నా. చేసి చూడంది దేన్నీ నమ్మడు. ఇంట్లో గిన్నెలన్నీ రంగులే."

పిలవకుండానే మహాదేవమ్మ బయటికి వచ్చింది. కళ్ల నిండా నీళ్లున్నాయి.

"నాకొక మాట సెప్పి పోతే నీ సొమ్మేం పోయింది? నన్ను వద్దనుకున్నావని ఎంత ఏడ్చినానో తెలుసా?"

"రంగు పట్టి ఉంటే ఆదోనికి రమ్మని అడుగుదామనుకున్నా. పట్టలేదు. నేనే వచ్చేస్తాననేదానికి ముందు ఈడ ఇల్లు దొరకాల కదా."

ఆమె తండ్రి వైపు తిరిగింది. "నాయనా, నాకు ఈయనే కావాల."

బసవన్న ఆ చిలపలను జాగ్రత్తగా పక్కకు జరిపాడు. ఖాళీ అయిన చోట తాంబూలం పళ్లెం పెట్టి, "తీసుకోమ్మా," అన్నాడు వెంకటేశ్వరమ్మతో.