నకలు ఊపిరి

మొదటి పీరియడు గంట మోగగానే చామంతి ఊపిరి ఉజ్వల ఎడమ పిడికిట్లో కదలడం మొదలుపెట్టింది.

చింతగింజంత పూస అది. కాస్త వెచ్చబడుతుంది, కాస్త చల్లబడుతుంది, మధ్యలో నాడిలా సన్నగా కొట్టుకుంటుంది. విద్యార్థులందరూ మెడలో కట్టుకునే ఊపిరిపూసకు ఇది దొంగచాటు చెల్లెలు. అసలు పూస మనిషి శ్వాసను చదివి, ఆ మనిషి ఫలానా చోట ఉన్నాడని లోకానికి చెబుతుంది. ఈ నకలుపూస ముందుగా నేర్చుకున్న శ్వాసను ఆ మనిషి లేని చోట పలికిస్తుంది. ఉజ్వల పక్కనున్న ఖాళీ కుర్చీ ముందు, బల్ల మీద పచ్చపువ్వు వెలిగింది. అంటే చామంతి తరగతిలో ఉన్నట్టే.

పాఠం చెప్పే సారు తల ఎత్తలేదు. ఆయన కుర్చీల వంక చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తుండదు. పువ్వులు వెలిగితే చాలు, మనుషులతో పనేముంది? ఊపిరిపూసలు వచ్చాక బస్సులూ బ్యాంకులూ పోలీసులూ అందరూ వాటి మాటే నమ్మారు. "ఎక్కడున్నవ్?" అని ఒకరినొకరు అడిగే అలవాటే జనంలో పోయింది.

పొద్దున హాస్టల్ గదిలో చామంతి తన అసలు పూసను విప్పి, స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించింది. ఒకే శ్వాస రెండు చోట్ల వినబడితే దొంగతనం బయటపడుతుంది కదా! పూస లేనిదే ఫోనూ పలకదు. అంటే ఆమె గడప దాటిన క్షణం నుంచీ ఎవరికీ అందదు. ఉజ్వలకు ఆ ఆలోచనే నచ్చలేదు.

"వానలకు గని ఒడ్లన్నీ మెత్తగైనయట. నేను గూడ వస్తనే."

"నువ్వొస్తే నా ఊపిరెవరు తీస్తరు?" అని నవ్వింది చామంతి. "ఆ గని నాకు కొత్తనా? మా తాత తవ్విన బొందనే అది. రెండు సీసాల నీళ్ళు ముంచుకొని బువ్వ యాల్లకు వస్త."

ఇద్దరూ జలశాస్త్రం చదువుతున్నారు. మూతపడ్డ ఓపెన్‌కాస్టు గనిలో నిలిచిన నీటి మీద చామంతి ప్రాజెక్టు. నీళ్ళు తెచ్చి పరీక్షించి ప్రాజెక్టు ఇవ్వకపోతే సెమిస్టర్ పోతుంది. నీళ్ళ కోసం బయటికి పోతే ఆ సమయం హాజరులోకి రాదు, అప్పుడూ సెమిస్టర్ పోతుంది. ఈ రెండు నియమాలూ రాసిన మహానుభావులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నట్టు లేదు. జ్వరం పడి లేచిన చామంతి హాజరు అప్పటికే అంచు మీద ఉంది.

"ఒక్క పీరియడు పోయినా నా చదువు ఆగుతది. ఏమైనా సరే ఆపకే," అని నకలుపూసను ఉజ్వల అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి వెళ్ళిపోయింది.

భోజనం వేళకు ఆమె రాలేదు. ఉజ్వల కంచం ముందు కూర్చుని వాకిలి వైపే చూసింది. చెప్పుల చప్పుడైన ప్రతిసారీ తల ఎత్తింది. వచ్చినవాళ్ళందరూ వేరేవాళ్ళే. అన్నం చల్లారిపోయింది. ఎక్కించుకునే బండి దొరకలేదేమో, దొరికింది బురదలో దిగబడిందేమో అని తనకు తానే సర్దిచెప్పుకుంది. మళ్ళీ గంట మోగింది. పక్క బల్ల మీద పచ్చపువ్వు ఠంచనుగా వెలిగింది.

ఆ వెలుగు చూసేసరికి మొదటిసారి ఆమెకు భయం వేసింది. పిడికిట్లో పూస ఎప్పటిలాగే ఆడుతోంది. తొందర లేదు, అలసట లేదు. ఎక్కడో నిజం మనిషికి ఏమవుతున్నా దీనికి పట్టదు. ఆపేద్దామా? ఆపితే చామంతి చదువు పోతుంది, దొంగహాజరు వేసినందుకు తన చదువూ పోతుంది. ఆపకపోతే? ముందు నుయ్యి, వెనక గొయ్యి. బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి, తన పూసలోంచి రక్షణ కేంద్రాన్ని పిలిచింది.

"మా దోస్తు గని దగ్గరికి పోయింది. వాపస్ రాలేదు. ఎవరినన్న పంపుండ్రి. చామంతి పేరు. ఓదెలు బిడ్డ."

"చామంతి తమ తరగతి గదిలో క్షేమంగా ఉన్నారు," అంది అవతలి గొంతు, తీయగా. "శ్వాస నిలకడగా ఉంది. గాలింపు అవసరం లేదు."

"లేదండీ, ఆమె ఇక్కడ లేదు. నేను క్లాసులనే ఉన్న, నా కండ్లతోటి చూస్తున్న."

"మీ ఆందోళన మాకు అర్థమైంది. చామంతి మీ పక్క కుర్చీలోనే ఉన్నారు."

ఉజ్వల చప్పున ఆ కుర్చీ వైపు చూసింది. చూసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

అంతలోనే మెడలో పూస మళ్ళీ పలికింది. ఈసారి చామంతి నాన్న ఓదెలు. టౌనులో దర్జీ పని చేస్తాడాయన. కుట్టుమిషను పక్కనే ఇంటికిటికీ పెట్టుకుంటాడు. పిల్లలు చదువుకునే చోట వెలిగే పువ్వునూ, వాళ్ళ శ్వాసనూ తల్లిదండ్రులకు చూపించే చిన్న పలక అది.

"బిడ్డా ఉజ్వలా, మా పిల్ల పొద్దటి సంది మాట్లాడుతలేదు. కొత్త డ్రెస్సుకు చేతులు పొడుగు పెట్టాల్నా, పొట్టి పెట్టాల్నా అని అడుగుదామంటే పలుకుతలేదు. క్లాసుల ఉన్నదని కిటికీల కనబడుతనే ఉన్నది. కోపమొచ్చిందా ఏంది నా మీద?"

చెప్పేయాలని ఉజ్వల నోరు తెరిచింది. చెబితే ఆయన గుండె ఆగిపోతుందేమోనని ఒక భయం, చదువు పోతుందని ఇంకో భయం. ఏ భయం గెలిచిందో ఆ తర్వాత ఎన్నిసార్లు తవ్వుకున్నా ఆమెకు తేలలేదు.

"పక్కనే ఉన్నది కాకా. పాఠం నడుస్తున్నది."

"గంతేనా! పువ్వు మంచిగ వెలుగుతున్నది. నాకదే సాలు."

ఆ మాటతో ఇక కూర్చోలేకపోయింది. చదువు గంగలో కలిసినా సరే అనుకుని పరుగెత్తింది. నకలుపూస తలుపు దాటగానే పక్క బల్ల మీద పువ్వు ఆరి, ఎవరెక్కడున్నారో చూపే వరండా గోడ పటంలో ఆమె చుక్క వెంటే ఇంకో పచ్చచుక్క కదిలింది. ఇద్దరు అమ్మాయిలు పరుగెడుతున్నట్టు.

హాజరు అధికారి నర్సింగరావు సారు మంచివాడనే పేరున్నవాడు. ఆమె చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. వింటున్నకొద్దీ ఆయన మొహం పాలిపోయింది.

"ఇది నిజమైతే నీ చదువు పోతది బిడ్డా."

"పోనియ్యుండ్రి సార్. ముందు గని కాడికి మనుషులను పంపుండ్రి."

ఆయన గోడ మీదున్న విద్యార్థి హక్కుల పత్రం వైపు చూశాడు. ఒకప్పుడు కోపం వచ్చిన అధ్యాపకులు ఉన్నవాళ్ళను కూడా లేనట్టు రాసి పిల్లల బతుకులతో ఆడుకునేవారు. అందుకని విద్యార్థులు నిరాహార దీక్షలు చేసి తెచ్చుకున్న హక్కు అందులో మొదటిది. నమోదైన హాజరును ఎవరూ, ఏ కారణంతోనూ కొట్టివేయరాదు.

"ఆమెకు హాజరు పడ్డది. అది లేదనే అధికారం నాకు లేదు, వీసీకి లేదు, కోర్టుకు గూడ లేదు. మీవాళ్ళే కొట్లాడి తెచ్చుకున్నరు. నేను లేను అని చెప్పే హక్కు ఆమె ఒక్కదానికే ఉన్నది. ఆమె వచ్చి చెప్పాలె."

"ఎట్లొస్తది సార్? ఆమె లేదు కదా!"

నర్సింగరావు సారు లేచి గది తలుపు మూసి వచ్చాడు.  ఆయనకూ భయమే. ఒక్క ఊపిరి నకలని తేలితే, ఇన్నేళ్ళుగా ఇచ్చిన పట్టాల్లో ఎవరివి అసలో ఎవరు చెబుతారు?

"సరే సార్, చూడుండ్రి," అంటూ ఉజ్వల పిడికిలి విప్పి, నకలుపూసను బల్ల మీద పెట్టి, గోటితో నొక్కి ఆపేసింది.

మరుక్షణం భవనమంతా సైరన్లు మోగాయి. గోడలు ఒక్క గొంతుతో పలికాయి. "ప్రమాదం. చామంతి శ్వాస ఆగింది. పాలనా భవనం, మొదటి అంతస్తు."

ఆమె అనుకున్నదొకటి, అయిందొకటి. రక్షణ సిబ్బంది నిజంగానే వచ్చారు, పరుగు పరుగున వచ్చారు. వచ్చి ఆ భవనంలోనే వెతికారు. బీరువాలు తెరిచారు, నీళ్ళ ట్యాంకుల్లోకి దిగారు, మేడ మీద, మెట్ల కింద, లిఫ్టు గుంటలో చూశారు. క్షణం కిందటి దాకా ఇక్కడే ఊపిరి తీసిన పిల్ల మరెక్కడికి పోతుంది? ఉజ్వల కనబడిన ప్రతివాడి చెయ్యి పట్టుకుని "గని కాడ... గని కాడ చూడుండ్రన్నా" అని ఏడ్చింది. ఊపిరి ఆగినప్పుడు దగ్గరున్న మనిషి కనుక ఆమెను ఒక గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు.

భవనంలో వెతకడానికి ఇక మూల మిగల్లేదు. ఒక్క డ్రోను గని వైపు వెళ్ళేసరికి పొద్దు వాలిపోతోంది. ఒడ్డు జారి, చామంతి నీళ్ళకు జానెడు పైనున్న రాతి మెట్టు మీద పడి ఉంది. కాలు విరిగి, నెత్తురంతా పోయింది. రెండు సీసాలూ నిండుగా, మూతలు బిగించి, పక్కనే ఉన్నాయి. ప్రాణం లేదు.

పొద్దున పడింది, కొన్ని గంటలు బతికే ఉంది, అరిచి అరిచి గొంతు పోయి ఉంటుంది అన్నాడు వైద్యుడు. ఎన్ని గంటలని అడిగితే కచ్చితంగా చెప్పలేనన్నాడు. ఆయన చెప్పలేకపోయినదాన్ని విచారణ సంఘం చెప్పింది. చట్టం ముందు శ్వాస సాక్ష్యానికి మించిన సాక్ష్యం లేదు. చామంతి చివరి శ్వాస మధ్యాహ్నం పాలనా భవనంలో ఆగింది. అక్కడి నుంచి గనికి ఎలా చేరిందో తెలియరాలేదు. నమోదైన హాజరు హాజరే కాబట్టి దొంగహాజరు జరగలేదు. జరగలేదు కాబట్టి ఉజ్వల తప్పూ లేదు. ఒట్టు వేసి నిజం చెప్పిన ఒక్క మనిషినీ, స్నేహితురాలు పోయిన దుఃఖంలో మతి చలించిందని జాలిపడి వదిలేశారు.

ఆమె మళ్ళీ తరగతికి వెళ్ళింది. పక్క కుర్చీ తీసేయలేదు. సెమిస్టర్ ముగిసేదాకా అది చామంతి హక్కు.

ఒకరోజు తరగతి బయట, వరండాలో ఓదెలు కనిపించాడు. భుజాన సంచి, చేతిలో ఇంటికిటికీ. మనిషి సగమయ్యాడు. ఉజ్వల ఆయన కాళ్ళ మీద పడబోతే పట్టుకుని ఆపాడు.

"పక్కనే ఉన్నదని అబద్ధం చెప్పిన కాకా. అప్పుడే నిజం చెప్పుంటే..."

"ఏడ్వకు బిడ్డా. అందరు నీకు మతి చెడ్డదంటున్నరు. నేను అంటలేను. నువ్వు చెప్పింది చెప్పినట్టే నమ్ముతున్న," అన్నాడాయన. కళ్ళు తుడుచుకుని, పలకను ఆమె ముందుకు జరిపాడు. ఆ రోజు శ్వాస అందులో పచ్చగీతగా అలలు అలలుగా సాగి, ఒకచోట పుటుక్కున తెగిపోయింది.

"నకలో అసలో నాకు తెల్వదు. నా బిడ్డ ఊపిరి నీ చేతిల ఉండె. నేను గీత చూసుకుంటనే కుట్టుకున్న. పొద్దటి సంది మంచిగ ఆడుతనే ఉండె."

తెగినచోట ఆయన బొటనవేలు ఆనించాడు. ఆ గొంతులో కోపం లేదు. తెలుసుకుందామనే అడిగాడు.

"మరి ఎందుకు ఆపినవ్ బిడ్డా?"

 తాను ఊపిరి బిగబట్టినట్టు ఉజ్వలకు తెలియలేదు. మెడలోని పూస సన్నగా మోగింది.

"ఉజ్వలా, మీ శ్వాస అందడం లేదు. మిమ్మల్ని గైర్హాజరుగా నమోదు చేస్తున్నాము."