మేష్టారి చిరునామా నుంచి జవాబు

చీకటి పడ్డాక మా పిన్ని ఆఫీసు సెల్లార్‌లోకి ఎవరూ ఒంటరిగా దిగరు. సర్వర్లుండే గది అది. మేష్టారని అందరూ పిలిచే పెద్దాయన అక్కడే, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. అప్పట్నుంచీ ఆ కుర్చీ తనంతట తనే కిర్రుమంటుందని... చెప్పుకుంటారు. నేను నమ్మను. పిన్ని చెప్పింది మాత్రం నమ్ముతాను.

పిన్నికి పని నేర్పింది ఆయనే. కొత్త సైటు పెట్టడానికి ఒక కమాండ్ రాసిపెట్టారు. ఏ డొమైన్ పేరిచ్చినా—అంటే మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు—అది నిజంగా మనదేనా అని ముందు వాకబు చేస్తుంది. కాదంటే ససేమిరా కదలదు. ఆ వాకబే లేకపోతే ఎవరి పేరైనా మన మిషన్లో పెట్టేసుకోవచ్చు—ఆ పేరుకి ఆఫీసు నుంచి పంపే మెయిల్ గడప దాటకుండా ఇక్కడే, ఆ పేరు పెట్టినవాళ్ల చేతిలోనే ఆగిపోతుంది.

పక్క సీటతన్ని పిన్ని తమ్ముడూ అని పిలిచేది. వాకబు దాటేసే ఆప్షన్ ఒకటి పెట్టమని అతను కాళ్లావేళ్లా పడ్డాడు. ఉత్తుత్తి పేర్లతో పరీక్షలు చేసుకోవాలట. రోజూ తన టిఫిన్ డబ్బాలో సగం పెట్టే మనిషి అడిగితే కాదంటుందా, పిచ్చి తల్లి! పెట్టింది.

పిన్నికో అలవాటుంది. మనసు బాగోకపోతే మేష్టారి పాత చిరునామాకి మెయిల్ రాస్తుంది. ఆయన డొమైన్ ఎప్పుడో మూతబడింది, రాసిందల్లా తిరిగొచ్చేసేది. ఈ సంగతి చెబితే నవ్వకుండా విన్నది తమ్ముడొక్కడే.

ఆ రాత్రి సెల్లార్‌లో ఒక్కతే ఉంది. మేష్టారి ఉద్యోగం తీసుకుంటావా అని పైవాళ్లు అడిగారు, తెల్లారేసరికి మాట చెప్పాలి. ఎన్నాళ్లుగానో కోరుకున్న ఉద్యోగం. అయినా బెరుకు. ఎప్పట్లాగే రాసింది—తీసుకోమంటారా, మేష్టారూ?

మెయిల్ తిరిగి రాలేదు.

ఫ్యాన్ల హోరు తప్ప అలికిడి లేదు... అంతలో తెర మీద జవాబు. ఆయన చిరునామా నుంచే.

"వద్దమ్మా. ఆ కుర్చీ నన్ను మింగింది. నువ్వు తట్టుకోలేవు."

పిన్నికి ముచ్చెమటలు పోశాయి. వెనకాల కుర్చీ కిర్రుమంది—తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. ఏడ్చిందట. భయంతో కాదు, పోయాక కూడా తన మంచి చూసే మనిషి ఉన్నారని. నాకొద్దని పైవాళ్లకి రాసేసింది. మీ మాటే విన్నానని మేష్టారికీ రాసింది.

వెంటనే ఇంకో జవాబు.

"మంచి పని చేశావక్కా."

మేష్టారు ఆమెని ఎన్నడూ అక్కా అనలేదు...

సర్వర్లో ఏయే పేర్లున్నాయో తీసి చూసింది. అన్నిటికిందా కొత్తగా మేష్టారి డొమైన్—పక్కనే 'వాకబు లేకుండా' అని, తను స్వయంగా రాసిన మాట.

పొద్దున్న తమ్ముడొచ్చాడు, మొహం చేటంత చేసుకుని. మేష్టారి కుర్చీ తనకే ఇచ్చారట. టిఫిన్ డబ్బా తెరిచి, సగం పిన్ని ముందుకి జరిపాడు.

"తినక్కా," అన్నాడు.