రెండు రంగుల బోర్డు

"మేడం, మీ బోర్డు చదివేలోపు నేను వెళ్లాల్సిన రోడ్డు దాటిపోతోందండీ!"

నిచ్చెన మీద దారి బోర్డుకి బోల్టు బిగిస్తున్న అమ్మాయికి ఒళ్లు మండింది. కింద కొరియర్ వ్యాన్ కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వుతున్నాడు డ్రైవరు.

"రెండు భాషల్లో రాశాం కదా! మీకొచ్చింది చదువుకోండి."

"రెండూ వచ్చండీ. ఒకటి అమ్మ భాష, ఇంకోటి నాన్న భాష. వద్దన్నా కళ్లు రెండూ చదివేస్తున్నాయి!"

ఆమె చేతిలోని పానా చూపించి బెదిరించింది. కానీ ఆ మాట బుర్రలోంచి పోలేదు. వర్క్‌షాపులో కూర్చుని కొత్త బోర్డు చేసింది. ఒక భాష పసుపు, రెండోది తెలుపు. ఇక కన్ను ఒక రంగునే పట్టుకుని పోతుంది.

అతను అటు వెళ్లినప్పుడల్లా వర్క్‌షాపు ముందు ఆగి సలహాలిచ్చేవాడు. "పసుపు ఇంకాస్త ముదురు వెయ్యండి." ఆమె విసుక్కునేది. అతను రాని రోజు ఇంకా విసుక్కునేది.

కొత్త బోర్డుకి పరీక్ష రోజు వచ్చింది. ఏ పేరున్న దారి పట్టాలో చెప్పి ఆ డ్రైవరునే వ్యాన్‌తో రమ్మన్నారు. రోడ్డు రెండుగా చీలే చోట, ఎవరూ ఇంతకుముందు వినని ఊళ్ల పేర్లతో బోర్డు పెట్టారు.

"వ్యాన్ స్లో అవ్వకుండా సరైన దారి పట్టిందా, ఊరంతా నీ బోర్డులే," అన్నాడు రోడ్ల శాఖ ఇంజనీరు ఆమెతో. "స్లో అయిందా, పాతవే."

వ్యాన్ దూసుకొచ్చింది. బోర్డు దగ్గరికొచ్చి స్లో అయింది. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

"ఫెయిల్!" అన్నాడు ఇంజనీరు.

డ్రైవరు దిగి పరుగెత్తుకొచ్చాడు. "సార్, బోర్డు అంత దూరం నుంచే చదివేశాను!"

"మరి స్లో ఎందుకు చేశావయ్యా?"

"కింద మేడం నిలబడ్డారు సార్."

ఇంజనీరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "పేర్లు మార్చండి. అమ్మా, నువ్వెళ్లి ఆ లారీ వెనక నిలబడు తల్లీ!"

ఈసారి వ్యాన్ రయ్యిమని సరైన దారిలో వెళ్లిపోయింది. "ఆగలేదు!" అని ఆమె ఎగిరి గంతేసింది. మరుక్షణం మనసు చివుక్కుమంది. నిజంగానే ఆగలేదు.

అంతలో వ్యాన్ తిరిగొచ్చి సరిగ్గా ఆమె ముందే ఆగింది.

"ఇక్కడ ఆపకూడదు. 'ఆపరాదు' బోర్డు చూళ్లేదా?"

"రెండు భాషల్లోనూ చూశాను. మీరెక్కితే పోనిస్తా. మీకో మాట చెప్పాలి. ఏ భాషలో చెప్పమంటారు?"

ఆమె ఎక్కి తలుపేసుకుంది.

"రెండింట్లోనూ చెప్పండి," అంది. "తొందరేం లేదు, స్లోగానే."