నాలుగూ ముప్ఫై ఆరే

కారుకు టైర్లు మూడే ఉన్నాయి. వెనక ఎడమ చక్రం బోడిగా నేలకానుకుని ఉంది. దాని టైరు మలుపు దగ్గర రోడ్డు మీద దొరికితే తెచ్చి, పోలీసు యార్డులో డిక్కీకి ఆనించి పెట్టారు.

డాష్‌బోర్డు మీద అతికించిన చిన్న పెట్టె మాత్రం నాలుగు టైర్లలోనూ గాలి భేషుగ్గా ఉందంటోంది.

ఇన్‌స్పెక్టర్ పగిలిన అద్దంలోంచి తల దూర్చి మళ్లీ చూసింది. ముప్ఫై ఆరు. ముప్ఫై ఆరు. ముప్ఫై ఆరు. ముప్ఫై ఆరు.

"లేని టైరులో గాలెక్కడిదయ్యా?" అంది.

"పెట్టె పాడైపోయుంటుంది మేడమ్. అంత దెబ్బ తగిలింది కదా," అన్నాడు ఎస్సై.

అతను కుర్రవాడు. ఏ కేసైనా భోజనాల వేళకి తేలిపోవాలంటాడు. ఇన్‌స్పెక్టర్ దానికి పూర్తిగా వ్యతిరేకం. డిపార్ట్‌మెంటులో ఆవిడని చాటుగా 'జిగురు' అంటారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. లోపల కాస్త సంతోషం కూడా.

కేసు పైకి సులువుగానే ఉంది. మూడు రోజుల కిందట, పొద్దున్నే, ఓ గృహిణి ఒక్కతే కారులో బయల్దేరింది. అరవై కిలోమీటర్లు దాటాక కొండ మలుపులో వెనక టైరు ఊడింది. కారు వెళ్లి రాతిగోడను గుద్దింది. ప్రాణం దక్కింది గానీ దవడ విరిగింది. కుడి చెయ్యి విరిగింది. టైర్లు సరిగా బిగించలేదని భర్త ఫిర్యాదు చేశాడు. టైర్ల షాపాయన్ని పట్టుకొచ్చి లాకప్‌లో పడేశారు.

"ఇంకేముంది మేడమ్, చార్జిషీటు రాసెయ్యడమే," అన్నాడు ఎస్సై.

ఇన్‌స్పెక్టర్ ఊడిన టైరు లోపల చెయ్యి పెట్టి తడిమింది. గుప్పెడు నల్లపొడి వచ్చింది. దాన్ని కాగితంలో పొట్లం కట్టుకుంది.

అప్పుడే భర్త వచ్చాడు. నెమ్మదైన మనిషి. ఎవరితో మాట్లాడినా కొంచెం వంగి మాట్లాడతాడు.

"డిక్కీలో మా ఆవిడ బ్యాగూ స్వెటరూ ఉండిపోయాయి మేడమ్. తీసుకోవచ్చా? ఇవాళ నాలుగింటికి డిశ్చార్జి. ఇంటికి తీసుకెళ్లిపోతున్నా."

"అప్పుడేనా?"

"నా కళ్లెదురుగా ఉంటే నాకు నిశ్చింత."

"వెళ్లేలోపు ఓసారి ఆవిడతో మాట్లాడాలి."

"దవడకి తీగలు చుట్టారు కదా మేడమ్, నోరు పెగలదు. ఏమడగాలన్నా నన్నడగండి. నేను చెప్తాను."

నిజమే. ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు ఆస్పత్రికి వెళ్లింది. రెండుసార్లూ అతనే చెప్పాడు. నొప్పిగా ఉందా అంటే అతను. నిద్రమత్తులో తోలిందా అంటే అతను. మంచం పక్కనే కూర్చుని భార్య ఎడమ చెయ్యి రెండు చేతుల్లోనూ పెట్టుకుని వదిలేవాడు కాదు. ఎంత ప్రేమో అని నర్సులు చెప్పుకుంటున్నారు. ఇన్‌స్పెక్టర్ కూడా అలాగే అనుకుంది, మొదటిరోజు.

అతన్ని బ్యాగు తీసుకోనివ్వమని కానిస్టేబుల్‌కి చెప్పి, ఇన్‌స్పెక్టర్ డాష్‌బోర్డు మీది పెట్టెను పీకి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. దాని బ్యాటరీ దానిలోనే ఉంది. టైరునీ, ఊడదీయించిన చక్రాన్నీ జీపులో వేయించుకుని స్టేషనుకు బయల్దేరింది. గేటు దాటాక చూస్తే పెట్టెలో అంకెలు పోయి నాలుగు గీతలు కనిపించాయి.

*

టైర్ల షాపాయన భారీ మనిషి. లాకప్‌లో ఇద్దరి చోటు ఒక్కడే ఆక్రమించి, కాళ్లు ముడుచుకు కూర్చున్నాడు. మూడు రోజులుగా తిండి సరిగా తినలేదు.

"ఆ కారుకి నువ్వు వేసిన రన్‌ఫ్లాట్ టైరంటే ఏంటో నాకు అర్థమయ్యేట్టు చెప్పు," అంది ఇన్‌స్పెక్టర్.

"గాలి పోయినా నడిచే టైరు మేడమ్. పక్కగోడలు మందంగా ఉంటాయి. గాలి లేకపోయినా బండి బరువు అవే మోస్తాయి. మెల్లగా వెళ్తే ఎనభై కిలోమీటర్ల దాకా లాక్కుపోవచ్చు."

"గాలి పోయినట్టు తోలేవాళ్లకి తెలుస్తుందా?"

"చాలామందికి తెలీదు. మామూలు టైరైతే బండి ఈడుస్తుంది, ఊగుతుంది. దీనికి ఆ గొడవుండదు. అందుకే ప్రతి చక్రంలోనూ సెన్సార్ పెట్టి తీరాలి. గాలి తగ్గితే ముందరి పెట్టె కూస్తుంది."

ఆవిడ పొట్లం విప్పి పొడి చూపించింది.

అతని మొహం మారిపోయింది. "ఇది టైరు లోపల అరిగిన రబ్బరు మేడమ్. చాలాదూరం గాలి లేకుండా నడిస్తేనే ఇంత రాలుతుంది."

"అంటే గాలి మలుపులో పోలేదు. ఇంటి దగ్గరే పోయింది. మేకు దిగలేదు, కంత లేదు. చక్రానికి వాల్వ్ మూత బిగించే ఉంది. మూత తీస్తే లోపల గాలిని ఆపే పిన్ను లేదు. నువ్వు పెట్టడం మర్చిపోయావా?"

"పిన్ను లేకపోతే అసలు గాలే నిలవదు మేడమ్! వారం రోజులు తిరిగిందావిడ ఆ టైర్ల మీద!"

"అయితే ఎవరో తీశారు. తీసినవాడికి పెట్టె కూయదని ముందే తెలుసు. ఎలా తెలుసు?"

అతను చేతిగోళ్ల వంక చూసుకున్నాడు.

"చెప్తే నా షాపు మూసేస్తారు," అన్నాడు చివరికి.

"చెప్పకపోతే హత్యాయత్నం నీ మెడకి చుట్టుకుంటుంది. ఏది కావాలో తేల్చుకో."

రెండువైపులా గోడే. అతను ముడుచుకున్న కాళ్లు చాపుకుని చెప్పడం మొదలెట్టాడు.

"ఆ చక్రాలు కారుతో వచ్చినవి కావు. ఆవిడ మొగుడే బయట కొని తెచ్చాడు. తళతళలాడుతున్నాయి గానీ రన్‌ఫ్లాట్‌కి పనికిరావు. గాలి పోయినా టైరు అంచు జారకుండా చక్రం లోపల ఎత్తుగా గట్టుండాలి. వీటికి లేదు. మలుపు తిరిగితే టైరు ఊడొస్తుందని చెప్పాను."

"ఏమన్నాడు?"

"గాలి పోతే పెట్టె కూస్తుందిగా, ఆపుకుంటుందిలే అన్నాడు. తీరా చూస్తే సెన్సార్ కాడ ఆ చక్రాల వాల్వ్ కంతలో బిగియలేదు. కంత వెడల్పు. గాలి కారిపోతోంది. వద్దులెండి, చక్రాలు వాపసు ఇచ్చెయ్యండన్నాను. అప్పుడాయన ఓ ఉపాయం చెప్పాడు." గొంతు తగ్గించాడు. "చక్రాలకి మామూలు వాల్వులు బిగించి, నాలుగు సెన్సార్లూ ఓ ప్లాస్టిక్ పైపులో వేసి, రెండు పక్కలా మూతలు అతికించి, గాలి కొట్టమన్నాడు. రన్‌ఫ్లాట్ బండికి స్టెప్నీ ఉండదుగా, ఆ గుంటలో పడుకోబెట్టమన్నాడు. వేరే చక్రాలొచ్చేదాకా పెట్టె గోల లేకుండా, అంతే అన్నాడు. బుద్ధి గడ్డి తిని చేశాను మేడమ్."

"అంటే పెట్టె చూసేది టైర్లలో గాలి కాదు."

"పైపులో గాలి. అది ఎప్పటికీ ముప్ఫై ఆరే."

ఇన్‌స్పెక్టర్ వెంటనే యార్డుకి ఫోన్ చేసింది. "డిక్కీలో చాప ఎత్తు. కింద గుంటలో ఏముంది?"

కానిస్టేబుల్ అవస్థపడి ఎత్తాడు. "ఏం లేదు మేడమ్. ఖాళీ."

"భర్త ఏం తీసుకెళ్లాడు?"

"బ్యాగూ స్వెటరే మేడమ్. నేను కాసేపు గేటు దగ్గరికెళ్లాను గానీ..."

ఎస్సై గెలిచినవాడిలా నవ్వాడు. "పైపూ లేదు, పాడూ లేదు. వీడు కథలల్లుతున్నాడు మేడమ్."

గోడ గడియారం మూడు దాటింది. నాలుగింటికి ఆ అమ్మాయి ఇంటికెళ్తుంది. తలుపేసుకుంటే అది వాళ్ల సంసారం. లోపలికెళ్లి అడగడానికి ఇన్‌స్పెక్టర్ చేతిలో ఓ కాగితమ్ముక్క కూడా లేదు. ఆవిడకి కోపంతో పాటు భయం కూడా వేసింది.

"జీపు తియ్యి," అంది.

*

ఆస్పత్రి గది కింది అంతస్తులో ఉంది. ఉన్న ఒక్క కిటికీ తెరుచుకోదు. అవతల కార్లు నిలిపే స్థలం. గదిలో మందుల వాసన గూడుకట్టుకుంది.

మంచం పక్కన కుర్చీలో భర్త అక్క కూర్చుని ఉంది. తమ్ముడు గదిలో లేడు గనుక మరదలి ఎడమ చెయ్యి ఆమె పట్టుకుంది.

"ఎంతసేపయినా పట్టుకునే ఉండమన్నాడండీ తమ్ముడు," అందామె. "చెయ్యి వదిలితే తీగలు పీక్కుంటుందట, పిచ్చిపిల్ల."

"ఆ రోజు ఎక్కడికి బయల్దేరింది?"

"ఉద్యోగమట! ఏదో ఊళ్లో హాస్టల్ వార్డెన్. అక్కడే ఉంటుందట. వాడు వద్దనలేదండీ, పాపం. పైగా కొత్త టైర్లు వేయించాడు. దారిలో ఎక్కడా ఆగే పని లేకుండా."

మంచం మీది అమ్మాయి ఇన్‌స్పెక్టర్ వంక చూస్తోంది. కన్నార్పడం లేదు. దవడ చుట్టూ కట్టు. కుడి చేతికి పిండికట్టు. ఎడమ చెయ్యి ఇంకొకరి గుప్పిట్లో.

ఆ చూపు ఇన్‌స్పెక్టర్‌కి ఇప్పుడర్థమైంది. మొదటిరోజు ఎందుకర్థం కాలేదా అని ఒళ్లు మండింది.

హ్యాండ్‌బ్యాగులో ఏదో కుయ్యిమంది.

తీసి చూసింది. పెట్టెలో గీతలు పోయాయి. ముప్ఫై ఆరు. నాలుగుసార్లు.

నుజ్జయిన కారు ఊరికి ఆ చివర యార్డులో ఉంది. ఆవిడ తలెత్తి కిటికీలోంచి చూసింది. అద్దానికి నాలుగడుగుల దూరంలో ఓ తెల్లకారు అప్పుడే వచ్చి ఆగింది. భర్త దిగి తాళం వేస్తున్నాడు.

ఆవిడ ఎస్సై చెవిలో రెండు ముక్కలు చెప్పి, పెట్టెను మళ్లీ బ్యాగులో పడేసింది.

భర్త వచ్చాడు. అక్క చేతిలోంచి భార్య చేతిని తను తీసుకున్నాడు, డ్యూటీ మారినట్టు.

"ఇంకా ఏమైనా అడగాలా మేడమ్?"

"రెండే. టైర్ల షాపాయన ఏదో ప్లాస్టిక్ పైపు సంగతి చెప్తున్నాడు. మీకేమైనా తెలుసా?"

"పైపా? నాకు టైర్ల గురించి ఓనమాలు కూడా తెలీవు."

"డిక్కీలో చాప కింద ఎప్పుడైనా చూశారా?"

"నేనెందుకు చూస్తాను? బ్యాగు పైనే ఉంది, తీసుకున్నాను."

"మంచిది. మీ కారు అంబులెన్సుకి అడ్డంగా ఉందంటున్నారు. తాళాలిస్తే మావాడు జరుపుతాడు."

ఇచ్చేశాడు. ఒక చేత్తోనే.

ఎస్సై వెళ్లాడు. తెల్లకారు కదిలి గేటు దాటింది. ఇన్‌స్పెక్టర్ పెట్టె తీసి దుప్పటి మీద పెట్టింది.

"ఇది మీ ఆవిడ కారులోది. చూస్తూ ఉండండి."

కాసేపటికి అంకెలు పోయి గీతలొచ్చాయి.  కారు తిరిగొచ్చి కిటికీ పక్కన ఆగింది. పెట్టె కుయ్యిమంది. ముప్ఫై ఆరు, నాలుగుసార్లు.

"పొద్దున యార్డులో ఈ అంకెలు చూసి పెట్టె పాడైందనుకున్నాం," అంది ఇన్‌స్పెక్టర్. "పాడవలేదు. తన సెన్సార్లు దగ్గర్లో ఉంటే కూసి, అవి ఉన్నచోటి గాలి చెప్తోంది, దూరమైతే గీతలు చూపిస్తోంది. పొద్దున అవి ఆవిడ కారు డిక్కీలో ఉన్నాయి. ఇప్పుడు మీ కారులో ఉన్నాయి. పైపు సంగతే తెలీదన్న మీ కారులో."

అక్క నోరు తెరిచింది. మూయడం మర్చిపోయింది.

ఎస్సై లోపలికొచ్చాడు. చేతుల్లో ఆడవాళ్ల స్వెటరు. స్వెటర్లో మూరెడు పైపు. ఈసారి అతను నవ్వలేదు.

"డిశ్చార్జి తొందరలో పారేసే తీరిక చిక్కలేదు. అవునా?"

"అది వాడే, ఆ షాపువాడే నా కారులో పెట్టుంటాడు!"

"మూడు రోజులుగా లాకప్‌లో ఉండి కూడానా?"

భర్త గొంతు సవరించుకున్నాడు. మళ్లీ నెమ్మదైన మనిషి అయిపోయాడు. "సరే మేడమ్. పైపు నేనే పెట్టించాననుకోండి. పెట్టె గోల భరించలేక. తప్పే, జరిమానా కడతాను. పిన్ను తీసింది నేనని ఎవరు చూశారు?"

ఇన్‌స్పెక్టర్ మంచం వైపు తిరిగింది.

"ఆవిడ చెయ్యి వదలండి."

"తను భయపడుతుంది మేడమ్."

"వదలమన్నాను."

అతను వదల్లేదు. వేళ్లు ఇంకా బిగిశాయి. ఎస్సై ముందుకొచ్చి ఒక్కో వేలూ విడదీయాల్సొచ్చింది. అమ్మాయి చేతి మీద అతని వేళ్ల గుర్తులు ఎర్రగా తేలాయి. అతన్ని తలుపు దాకా లాక్కెళ్లారు.

ఆ చెయ్యి దుప్పటి మీద ఒంటరిగా ఉండిపోయింది. ఇన్‌స్పెక్టర్ దాన్ని పట్టుకోలేదు.

"అమ్మా, అవునంటే మంచం కమ్మీ మీద ఒకసారి కొట్టు. కాదంటే రెండుసార్లు. తొందరేం లేదు. నువ్వు బయల్దేరిన పొద్దున, ఆ వెనక చక్రం దగ్గర ఎవరైనా కూర్చుని ఉండగా చూశావా?"

"తనకేం గుర్తుండదు మేడమ్," అన్నాడు భర్త తలుపు దగ్గర్నుంచి. "తను చెప్పదు. నాకు తెలుసు. తను చెప్పదు."

అమ్మాయి వేళ్లు లేచాయి. కమ్మీ ఖంగుమంది. ఒక్కసారి.

అతని అక్క రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ అతను కూర్చునే కుర్చీ లాక్కుని, మంచానికి దగ్గరగా కూర్చుని, రెండో ప్రశ్న అడిగింది.